గుర్తు మారిస్తే చాలునా?

మన సంచికలో కథలుంటాయి, కవితలుంటాయి, కార్యదర్శిగారి నివేదిక ఉంటుంది, ఆటల జట్ల ఫొటోలుంటాయి. వీటి నడుమ ఓ బీజగణితం వ్యాసం కనిపించగానే పేజీ తిప్పేసే మిత్రులు చాలామందే ఉంటారని నాకు తెలుసు. తిప్పేముందు ఒక్క నిమిషం ఆగండి. నేను రాయబోయేది ఎమ్మెస్సీ లెక్కల గురించి కాదు. ఆర్ట్స్ వారూ, కామర్స్ వారూ, సైన్స్ వారూ అందరమూ బడిలో ఏనాడో చేసి మరచిపోయిన లెక్క ఒకటుంది. 3ఎక్స్ - 12 అనే రాశి, ఎక్స్ విలువ ఎంతైనప్పుడు సున్న అవుతుంది? దాని గురించే ఈ నాలుగు మాటలు.

జవాబు 4 అని మీలో చాలామంది చెప్పేస్తారు. ఎలా వచ్చిందంటే అదీ చెబుతారు. "మైనస్ 12 అటు వెళితే ప్లస్ 12 అవుతుంది. 3 కిందికి వెళుతుంది. 12 బై 3, నాలుగు." బాగానే ఉంది. మరి అటు వెళితే గుర్తు ఎందుకు మారాలి? 3 కిందికే ఎందుకు దిగాలి? అది దిగేటప్పుడు దాని గుర్తు ఎందుకు మారదు? ఈ మాట అడిగి చూడండి. డిగ్రీ చదివేవాళ్ళు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి "అది రూలండీ" అంటారు. నా ఫిర్యాదల్లా ఈ "అది రూలు" అనే మాట మీదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బీజగణితమనే ఇంటికి సింహద్వారం ఈ చిన్న ప్రశ్నే. ఒక రాశి ఎక్కడ సున్న అవుతుంది? తెలియని సంఖ్యను ఊహించటం, దాన్ని పట్టుకోవటానికి దారి వెతకటం, దొరికినదాన్ని సరిచూసుకోవటం, ఈ మూడూ పిల్లవాడు మొదటిసారి నేర్చుకునేది ఇక్కడే. మనం మాత్రం వాణ్ణి ద్వారంలోంచి నడిపించకుండా కిటికీలోంచి లోపలికి తోసేస్తున్నాం. అలా పడ్డవాళ్ళలో కొందరు ఎలాగో లేచి నిలబడతారు. తక్కినవాళ్ళు "మాకు లెక్కలు రావు" అనే మాటను నుదుటి రాతలా జీవితమంతా మోస్తారు. వాళ్ళకు లెక్కలు రాక కాదు, లెక్క ఏమిటో ఎవరూ చెప్పక.

ముందు పేరు దగ్గరే చిక్కుంది. పాఠ్యపుస్తకాలు ఈ 4ను '3ఎక్స్ - 12 యొక్క శూన్యం' అంటాయి. సెలవుల్లో మా వీధిలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడికి నేను లెక్కలు చెబుతుండేవాణ్ణి. చురుకైనవాడు. శూన్యం కనుక్కోమంటే చకచకా కనుక్కునేవాడు. ఓ సాయంత్రం పెన్సిల్ పక్కన పెట్టి, "అన్నయ్యా, శూన్యం అంటే సున్నే కదా! మరి నాలుగు సున్న ఎలా అవుతుంది?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే వాడు అప్పటికి ఎన్నో లెక్కలు చేశాడు, అన్నింటికీ మార్కులు తెచ్చుకున్నాడు. జవాబు తప్పు కానంతకాలం సందేహం అడగనక్కర్లేదన్నది మన బళ్ళు పిల్లలకు నేర్పే మొదటి పాఠం కాబోలు.

వాడికి నేను చెప్పింది పిండిమర సంగతి. ప్రమేయం అంటే పిండిమర లాంటిదిరా అన్నాను. పైన పోసేది వేరు, కింద పడేది వేరు. 3ఎక్స్ - 12 అనే మరలో పైన ఏ సంఖ్య పోసినా, దాన్ని మూడింతలు చేసి, అందులోంచి పన్నెండు తీసేసి కిందికి వదులుతుంది. పైన 4 పోస్తే కింద సున్న పడుతుంది. అలా కింద సున్న పడేట్టు చేసే పై సంఖ్యకే 'శూన్యం' అని పేరు పెట్టారు. సున్న కిందిది, 4 పైది. పైన సున్న పోస్తే కింద పడేది -12. అది వేరే సంగతి. ఈ పైకీ కిందికీ తేడా తెలియక ఇంటర్లో ప్రమేయాల పాఠం దగ్గర చతికిలపడ్డవాళ్ళు మనలో ఎంతమందో!

తర్వాత వాడిచేతే ఓ పట్టిక వేయించాను. ఎక్స్ 0 అయితే -12. 1 అయితే -9. 2 అయితే -6. 3 అయితే -3. 4 అయితే 0. 5 అయితే 3. వాడు పట్టికకేసి కాసేపు చూసి, "మూడేసి చొప్పున ఎక్కుతోంది. ఇక మళ్ళీ సున్న రాదు" అన్నాడు. రేఖీయ ప్రమేయానికి శూన్యం ఒక్కటే ఉంటుందన్న సిద్ధాంతమది. పుస్తకం చూడకుండా, ఎవరూ చెప్పకుండా, వాడి కళ్ళతో వాడే చూశాడు. రోజూ సమానమైన అడుగులు వేస్తూ ఒకే దిక్కుకు నడిచేవాడు ఊరి పొలిమేరను ఒక్కసారే దాటుతాడు. పొలిమేరకు ఇవతల అంతా మైనస్, అవతల అంతా ప్లస్. ఆ పొలిమేర రాయే శూన్యం.

ఇంతకీ ఈ ఒక్క సంగతికి మనం ఎన్ని పేర్లు పెట్టాం! ఒక తరగతిలో సమీకరణం 'సాధన' అంటాం. మరో తరగతిలో 'మూలం' అంటాం. బహుపదుల పాఠంలో 'శూన్యం' అంటాం. గ్రాఫు గీసినప్పుడు గీత ఎక్స్-అక్షాన్ని కోసే చోటును 'ఎక్స్-అంతరఖండం' అంటాం. నలుగురు మాస్టార్లు నాలుగేళ్ళలో నాలుగు పేర్లు చెప్పి వెళ్ళిపోతారు. 3ఎక్స్ - 12 విషయంలో ఈ నాలుగూ ఒకే 4 అని, ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు ఉన్నట్టని చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. పిల్లవాడు నాలుగు పాఠాలు చదివాననుకుంటాడు. చదివింది ఒక్కటేనని తెలిస్తే వాడి బరువు ముప్పాతిక దిగిపోయేది.

"ఇదంతా ఎందుకయ్యా, బతుకులో ఎక్కడైనా పనికొస్తుందా?" అని ఆర్ట్స్ మిత్రులు అడుగుతారు. మన విహారయాత్రనే తీసుకుందాం. బస్సు అద్దె 6,000 రూపాయలనుకోండి. మనిషికి 150 వసూలు చేస్తామనుకోండి. ఎక్స్ మంది వస్తే మిగిలేది 150ఎక్స్ - 6,000. దీని శూన్యం 40. ముప్పైతొమ్మిది మంది వస్తే కార్యదర్శి జేబులోంచి 150 పోతుంది. నలభైఒక్క మంది వస్తే 150 మిగులుతుంది, అందరికీ టీ ఖర్చుకు సాయం. అంటే 40 అనేది వట్టి జవాబు కాదు, నష్టానికీ మిగులుకూ నడుమ గీసిన గీత. అద్దె 6,100 అయితే శూన్యం 40కి మరో మూడింట రెండు వంతులు కలిపినంత. మూడింట రెండు వంతుల మనిషి ఉండడు గనక 41 మందిని పోగు చెయ్యాలి. లెక్క ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ మన బుద్ధి ఉపయోగించాలో కూడా ఆ శూన్యమే నేర్పుతుంది.

మరో లెక్క. మిత్రుడి దగ్గర 1,200 చేబదులు తీసుకుని నెలకు 150 చొప్పున తీరుస్తున్నారు. ఎక్స్ నెలల తర్వాత మిగిలిన బాకీ 1,200 - 150ఎక్స్. శూన్యం 8. ఎనిమిదో నెలలో బాకీ తీరి ఇద్దరూ మళ్ళీ నవ్వుకుంటూ క్యాంటీన్‌కు వెళ్ళొచ్చు. ఈ లెక్క మా నాయనమ్మ నోటితో చేసేది. ఆవిడకు ఎక్స్ తెలియదు, ప్రశ్న తెలుసు. మన పిల్లలకు ఎక్స్ తెలుసు, ప్రశ్న తెలియదు. చదువు ఎటునుంచి ఎటు పోతోందో మీరే ఆలోచించండి.

ఇక ఆ రూలు సంగతి. రూలు చెడ్డదని నేననటం లేదు. అర్థం లేని రూలు ఎక్కడికి తీసుకుపోతుందో చూడండి. 3ఎక్స్ = 12 అని ఇస్తే, "3 అటు వెళితే మైనస్ అవుతుంది" అని 12 - 3 చేసి, ఎక్స్ = 9 అని రాసే పిల్లలున్నారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. అటు వెళితే గుర్తు మారుతుందని చెప్పింది మనమే. వాళ్ళు నమ్మకంగా మార్చారు. 2ఎక్స్ + 5 = 5 అని ఇస్తే, రెండు వైపులా 5 కొట్టేసి, 2ఎక్స్ = 0 దాకా వచ్చి, "జవాబు లేదు" అని రాసేవాళ్ళున్నారు. జవాబు ఉంది. అది సున్న. సున్న కూడా ఓ సంఖ్యేనని, దానిక్కూడా కూర్చునే హక్కుందని వాళ్ళకెవరూ చెప్పలేదు.

అసలు ఏమీ అటు వెళ్ళదు, ఇటు రాదు. సంఖ్యలకు కాళ్ళు లేవు. కిరాణా దుకాణంలో పాత త్రాసు గుర్తుందా? సరుకు తూచేముందు కొట్టువాడు ఉత్త పళ్ళాలు చూసుకునేవాడు. ఓ పళ్ళెం కిందికి దిగితే రెండో దానికి పాసంగం కట్టి ముల్లు నడిమికి తెచ్చేవాడు. ఆ తర్వాత ఒక పక్క ఏం వేసినా రెండో పక్కా అంతే వెయ్యాలి, ఒక పక్క ఎంత తీస్తే రెండో పక్కా అంతే తియ్యాలి. 3ఎక్స్ - 12 = 0 అన్నప్పుడు రెండు పక్కలా 12 కలుపుతాం. ఎడమ పక్క -12, +12 కలిసి పోతాయి. కుడి పక్క 12 మిగులుతుంది. చూసేవాడికి 12 గుర్తు మార్చుకుని అటు దూకినట్టు కనిపిస్తుంది, అంతే. తర్వాత రెండు పక్కలా ఉన్నదాన్ని మూడు సమాన వాటాలు చేసి ఒక్కో వాటా ఉంచుతాం. కలిపినందుకు గుర్తు మారినట్టు కనిపించింది, పంచినందుకు మారలేదు. ఇది చెప్పటానికి పది నిమిషాలు చాలు. ఇది తెలిసినవాడు 9 అని రాయడు.

ఇదేదో నేను కనిపెట్టిన విద్య కాదు. మనవాళ్ళు ఎప్పుడో చెప్పిందే. ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో ఓ సూత్రముంది. ఇద్దరి దగ్గర ఒకే రకం వస్తువులు కొన్నీ, డబ్బు కొంతా ఉన్నాయి. ఇద్దరి ఆస్తీ సమానం. వస్తువు వెల ఎంత? డబ్బులోని తేడాను వస్తువుల సంఖ్యలోని తేడాతో భాగించమన్నాడాయన. వెల తెలియని ఆ వస్తువుకు ఆయన వాడిన మాట 'గుళిక'. ఒకరి దగ్గర 6 పుస్తకాలు, 100 రూపాయలు. రెండోవారి దగ్గర 2 పుస్తకాలు, 500 రూపాయలు. డబ్బులో తేడా 400, పుస్తకాల్లో తేడా 4, పుస్తకం వెల 100. మన భాషలో చెప్పాలంటే ఇద్దరి ఆస్తుల తేడా 4ఎక్స్ - 400. ఇద్దరూ సమానం కావటమంటే ఆ తేడా సున్న కావటమే. ఏ సమీకరణమైనా రెండు రాశుల తేడా ఎక్కడ మాయమవుతుందన్న ప్రశ్నేనని పదిహేను వందల ఏళ్ళ కిందటి ఆ సూత్రం చెప్పకనే చెబుతోంది.

తర్వాత బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. ధన, ఋణ సంఖ్యలకూ శూన్యానికీ కూడికలు, తీసివేతలు ఎలా చెయ్యాలో అందులో నియమాలు పెట్టాడు. మైనస్ అంటే ఆయనకు ఋణం, అంటే అప్పు. ప్లస్ అంటే ధనం. సమానమైన ధనమూ ఋణమూ కలిస్తే శూన్యమన్నాడు. నా చేబదులు లెక్కకు ఇంతకన్న ఏం కావాలి? 9వ శతాబ్దిలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్-జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అనే మాట వచ్చింది. జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి అతకటం, లోటు పూడ్చటం. 3ఎక్స్‌లోంచి 12 పోయి లోటుపడింది, రెండు పక్కలా 12 వేసి ఆ లోటు పూడ్చాం. శాస్త్రం పేరులోనే అర్థం ఉంటే, మనం అర్థం పారేసి 'అటు, ఇటు' మిగుల్చుకున్నాం.

తెలుగువాళ్ళం మనకు మరో కారణం కూడా ఉంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భారతం తెలుగులోకి వస్తున్న కాలంలోనే లెక్కలూ తెలుగులోకి వచ్చాయన్నమాట. లెక్కను ఇంటి భాషలో, ఇంటి వస్తువులతో చెప్పుకోవటం మనకు కొత్త కాదు. ఇప్పుడు మాత్రం ఇంగ్లీషు మీడియంలో 'ట్రాన్స్‌పోజ్' అంటాం, తెలుగు మీడియంలో 'పక్షాంతరం చెయ్యగా' అంటాం. రెండింట్లోనూ పిల్లవాడికి అర్థమయ్యేది సమానమే, సున్న.

ఊహించి చెప్పటాన్ని మన బళ్ళలో నేరంగా చూస్తారు. "పద్ధతి రాయకుండా జవాబెక్కడిది? పక్కవాడిది చూశావా?" అంటారు. ఊహ కూడా ఓ పద్ధతే. సుమారు క్రీ.పూ. 1550లో ఈజిప్టులో ఆమెస్ అనే లేఖకుడు నకలు తీసిన పత్రమొకటి దొరికింది. అందులో ఓ లెక్క: ఒక రాశికి దాని ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? వాళ్ళు ముందు 7 అని ఊహించారు. ఏడూ, ఏడో వంతు ఒకటీ కలిసి 8 అయింది. కావలసింది 19. ఎనిమిదిని పందొమ్మిది చెయ్యటానికి ఎన్నింతలు కావాలో, ఏడునూ అన్నింతలు చేశారు. పదహారూ ఐదు ఎనిమిదో వంతులు వచ్చింది. సరిచూసుకోండి, సరిపోతుంది. తప్పని తెలిసీ ఓ సంఖ్యను పట్టుకుని, ఆ తప్పునే నిచ్చెన చేసుకుని ఒప్పు దగ్గరికి ఎక్కటం! ఎంత ధైర్యం కావాలి దానికి!

రెండు ఊహలైతే ఇంకా చక్కగా కుదురుతుంది. ప్రాచీన చైనా గణిత గ్రంథం 'తొమ్మిది అధ్యాయాలు'లో మిగులు, తగ్గుల లెక్కలకు ఓ అధ్యాయమే ఉంది. 4ఎక్స్ - 27 తీసుకోండి. 5 అని ఊహిస్తే -7, అంటే ఏడు తగ్గింది. 8 అని ఊహిస్తే +5, ఐదు మిగిలింది. 5 నుంచి 8కి మూడడుగులు నడిస్తే మొత్తం పన్నెండు ఎక్కాం. మనకు ఎక్కవలసింది ఏడు. కాబట్టి మూడులో పన్నెండింట ఏడు వంతులు నడవాలి, అంటే 1.75. ఐదుకు అది కలిపితే 6.75. నాలుగు పెట్టి హెచ్చిస్తే 27, సరిగ్గా సున్న. ఇందులో అటు వెళ్ళిందేమీ లేదు, గుర్తు మార్చిందేమీ లేదు. సమానంగా నడిచే రాశి మీద నమ్మకం ఒక్కటే ఉంది.

"సరేనయ్యా, ఇదంతా హైస్కూలు సంగతి, యూనివర్సిటీలో మనకెందుకు?" అనే సైన్స్ మిత్రులకు ఓ మాట. మీరు చేసే పెద్ద లెక్కల్లో చాలావాటి కడుపులో ఈ చిన్న లెక్కే ఉంది. న్యూటన్-రాఫ్సన్ పద్ధతి మీకు తెలుసు. ఎక్స్ వర్గం - 2 అనే వక్రరేఖ శూన్యం, అంటే రెండు వర్గమూలం కావాలి. వక్రరేఖ మాట వినదు. కాబట్టి 1 దగ్గర దానికో స్పర్శరేఖ గీస్తాం. అది 2ఎక్స్ - 3. దాని శూన్యం 1.5. అక్కడ మళ్ళీ స్పర్శరేఖ. అది 3ఎక్స్ - 4.25. దాని శూన్యం 12లో 17 వంతులు, సుమారు 1.4167. మరోసారి చేస్తే 408లో 577 వంతులు, సుమారు 1.414216. అసలు విలువ 1.414214 దగ్గర. మూడు మెట్లలో ఇంత దగ్గరికి వచ్చాం. ప్రతి మెట్టులోనూ చేసింది తొమ్మిదో తరగతి కుర్రాడి పనే, ఓ రేఖీయ ప్రమేయానికి శూన్యం కనుక్కోవటం. ఈ 408లో 577 వంతులే మన శుల్బసూత్రాలు రెండు వర్గమూలానికి చెప్పిన విలువ కూడా.

ఫిజిక్స్ ల్యాబుకు రండి. పీడనం మార్చకుండా వాయువును వేడిచేస్తే ప్రతి సెంటిగ్రేడ్ డిగ్రీకీ, 0 డిగ్రీల దగ్గర ఉన్న ఘనపరిమాణంలో సుమారు 273వ వంతు చొప్పున పెరుగుతుంది. గ్రాఫు సరళరేఖ. ల్యాబులో మనం తీసే కొలతలు కొద్ది డిగ్రీల మేరవే. ఆ గీతను స్కేలు పెట్టి ఎడమవైపు పొడిగించుకుంటూ పోతే -273 డిగ్రీల దగ్గర అక్షాన్ని కోస్తుంది. ఆ ప్రమేయం శూన్యమది. ఏ వాయువూ ఆ చోటిదాకా వాయువుగా రాదు. ఆక్సిజన్ -183 దగ్గర, నైట్రోజన్ -196 దగ్గర ద్రవమైపోతాయి. అయినా ఆ గీత వేలుపెట్టి చూపిన చోటు అబద్ధం కాదు. 1848లో కెల్విన్ ప్రతిపాదించిన పరమ ఉష్ణోగ్రతా మానానికి ఇప్పుడు మొదలు -273.15 డిగ్రీలే. 1916లో మిల్లికాన్ కాంతి విద్యుత్తు ప్రయోగాల్లో గీసిన సరళరేఖ అక్షాన్ని కోసే చోటు, ఏ పౌనఃపున్యం కంటే తక్కువైతే లోహంనుంచి ఎలక్ట్రాన్లు రావో చెప్పింది. ఇవన్నీ మనం రికార్డులో 'అంతరఖండం' అని రాసి సంతకం పెట్టించుకునేవే. వాటికి అర్థమేమిటో ఒక్కసారైనా అడిగామా?

నామీద రాగల ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. మొదటిది కాలం. "సిలబస్ పూర్తి చెయ్యాలి, పిండిమరలూ త్రాసులూ చెబుతూ కూర్చుంటే పరీక్షల నాటికి సగం పాఠాలు మిగిలిపోతాయి" అంటారు అనుభవజ్ఞులైన మాస్టార్లు. అరవై మంది ఉన్న తరగతిలో నిలబడి చూడనివాడికి ఈ మాట తేలిగ్గా కొట్టిపారేసే హక్కు లేదు. ఒక్కటి మాత్రం మనవి చేస్తాను. అర్థం చెప్పటానికి ఏడో తరగతిలో పోయే నాలుగు పీరియడ్లు, పైతరగతుల్లో అవే లెక్కలు మళ్ళీ మళ్ళీ చెప్పటంలో పోయే పీరియడ్లకంటే ఎక్కువా? పునాదిలో మిగిల్చిన సిమెంటుతో పైకప్పు వేసినవాణ్ణి ఎవరూ పొదుపరి అనరు.

రెండో ఆక్షేపణ మరీ కొత్తది. సెల్‌ఫోన్ కెమెరా లెక్క మీద పెడితే జవాబు, మెట్లతో సహా, తెరమీదికి వచ్చే రోజులివి. ఇంకా ఈ అర్థాలెందుకు? ఇందుకే మరింత కావాలంటాను. గుర్తు మార్చటం వట్టి యాంత్రికమైన పని, అది యంత్రం మనకంటే బాగా చేస్తుంది. విహారయాత్ర లెక్కలో ఏది ఎక్స్, ఏది సున్న కావాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి, ఇవి నిర్ణయించవలసింది ఆ ఖర్చు భరించేవాడు. మనం పిల్లలకు యంత్రం చెయ్యగల పనే నేర్పి, తక్కినది మానేస్తే, వాళ్ళకు నేర్పినట్టా, వాళ్ళ చేతిలోది లాక్కున్నట్టా?

మూడోది, రూలు లేకుండా వేగం రాదన్నది. ఒప్పుకుంటాను. సైకిల్ తొక్కేవాడు ప్రతి మలుపులోనూ తూకం గురించి ఆలోచించడు. కాని నేర్చుకున్ననాడు ఆ తూకం ఒంటికి తెలిసింది గనకే ఈనాడు ఆలోచించనక్కర్లేదు. అర్థం తెలిసి వేగంకోసం వాడే రూలు పనిముట్టు. అర్థం తెలియక వాడే రూలు తాయెత్తు.

ఇక చెయ్యవలసిందేమిటి? నా మనవులు నాలుగే. పక్షాంతరం చెప్పేముందు పిల్లలచేత పట్టిక వేయించాలి, గుర్తు మారే చోటును వాళ్ళ వేలితో వాళ్ళనే చూపమనాలి. 'సరిచూచుట' అని పాత పుస్తకాల్లో చివర ఓ పంక్తి ఉండేది. దానికి విడిగా మార్కులివ్వాలి. తన జవాబు తానే తేల్చుకోగలవాడు ఎవరికీ భయపడడు. పరీక్షలో "5ఎక్స్ - 35కు శూన్యం కనుక్కో" అనే కాక, "5ఎక్స్ - 35 వచ్చేట్టు నీ ఇంటినుంచో వీధినుంచో ఓ కథ చెప్పు" అని కూడా అడగాలి. శూన్యం లేని రాశులనూ చూపించాలి. వట్టి 5 అనే స్థిరరాశి ఎక్స్ ఎంతైనా ఎప్పుడూ సున్న కాదు. వట్టి 0 అనేది ఎప్పుడూ సున్నే. ఎక్స్ గుణకం సున్న కాకూడదన్న షరతు ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది. అంతవరకు అది పుస్తకంలో బ్రాకెట్లో ఉండే ఓ ముక్క మాత్రమే.

ఈ పని ఎవరో పైనుంచి ఉత్తర్వు ఇచ్చాక మొదలుకావాలని నేననుకోను. మన కాలేజీలో చదివేవాళ్ళలో ఎంతోమంది రేపు మాస్టార్లవుతారు. ఇప్పటికే సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని ఫీజులు కట్టుకుంటున్న మిత్రులున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఎప్పుడైనా "ఎందుకు?" అంటే, "రూలు" అనకండి. తెలియకపోతే "రేపు చెబుతాను" అనండి, నిజంగా రేపు చెప్పండి. లెక్చరర్లకు మనవి: మొదటి సంవత్సరం మొదటి వారంలో ఒక్క గంట ఈ బడి లెక్కకు కేటాయించండి. చిన్నతనం అనిపించినా ఫరవాలేదు. పూర్వ విద్యార్థులైన పెద్దలారా, మీ ఊరి బడికి గంటా, గోడగడియారమూ విరాళమిచ్చినట్టే ఓ ఆదివారం మీ వృత్తిలోని ఓ శూన్యం కథ ఇవ్వండి. బ్యాంకువారు బాకీ తీరే నెల చెప్పండి, ఇంజనీర్లు చెరువు ఎండే రోజు చెప్పండి, వ్యాపారస్తులు నష్టం ఆగే చోటు చెప్పండి.

మన సంఘం కూడా ఏటా వార్షికోత్సవానికి పెట్టే మైకుల ఖర్చులో కొంత మిగిల్చి, దగ్గరి హైస్కూలుకు వారానికి నలుగురు విద్యార్థుల్ని పంపితే చాలు. సుద్దముక్కలు, ఓ పాత త్రాసు, కాసిని గ్రాఫు కాగితాలు, ఇంతకుమించి పెట్టుబడి అక్కర్లేదు. లెక్కల పరీక్ష తప్పి చదువు మానేసిన పిల్ల ఒక్కతి తిరిగి బడికొచ్చినా ఆ ఖర్చు రాబట్టుకున్నట్టే. గుర్తు మార్చటం ఎవరైనా నేర్పుతారు. ఎక్కడ లోటు పోయి మిగులు మొదలవుతుందో గుర్తుపట్టటం నేర్పేవాళ్ళు కావాలి. వచ్చే ఏటి సంచికలో కార్యదర్శిగారి నివేదికలో ఆ నలుగురి పేర్లుంటాయని ఆశిస్తాను.